ఫిల్మ్ నగర్ బండ మీద చెంచుల తాడు

మేము ఫిల్మ్ నగర్ వెళ్ళొచ్చామని తెలిసినప్పటి నుంచి మన్ననూరులో నన్ను బోరింగు దగ్గర నుంచి కదలనివ్వడం లేదు. "హీరోను చూసినవా? హీరోయిను ఎంత తెల్లగుంటది?" ఇవే ప్రశ్నలు. హీరోను చూడలేదు. హీరోయిన్‌ది కారు కిటికీలో మోచెయ్యి మాత్రం కనబడింది, అది మామూలు మోచెయ్యే. నేను చూసింది వేరే ఉంది. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని చెప్పేది కాదు కనుక కూర్చుని రాస్తున్నాను. నాకు బడి చదువు లేదు. మా నాయన భాగవతం చదువుకుంటూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన అక్షరాలే నా చదువు. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. మనుషుల సంగతి మాత్రం చూసింది చూసినట్టు రాశాను, అక్కడ దిద్దవద్దు.

గేటు దగ్గర వ్యాను

మా వారు అడవి సరుకుల డిపోలో గుమాస్తా. చెంచులు తేనె, బంక, కుంకుడుకాయలు తెస్తే తూచి తీసుకుంటారు. అలా నాకు ఈదమ్మ పరిచయం. ఆమెది అడవి లోపలి పెంట. చెంచుల ఊళ్ళను పెంటలంటారు. ఆమె భర్త గురవయ్య కొండచరియల్లో తేనె దించడంలో పేరున్నవాడు. నార తాడు నడుముకు కట్టుకుని లోయలోకి వేలాడి, పొగ పెట్టిన పట్టును వెదురు కత్తితో కోసి బుట్టలో దించుతాడు.

చదివేవారికి ముందే ఒక సంగతి చెప్పాలి. పైన ఆ తాడును ఎవరు పడితే వారు పట్టుకోకూడదు. భార్య అన్నో తమ్ముడో, అంటే బావమరిదే పట్టాలి. సొంత అన్నదమ్ములు కూడా పనికిరారు. అన్నదమ్ములకు పంపకాల తగవులుండొచ్చు. అక్క పసుపు కుంకాలు తన చేతిలో ఉన్నవాడు మాత్రం పిడికిలి వదలడని వాళ్ళ నమ్మకం. ఈదమ్మ తమ్ముడు లింగయ్య పదిహేనేళ్ళు గురవయ్య తాడు పట్టాడు.

తర్వాత అడవికి పులుల కోసం కొత్త కట్టుబాట్లు వచ్చాయి. ఈ లోయలోకి పోవద్దు, ఆ చరియ ఎక్కవద్దు అన్నారు. తేనె తగ్గింది, డిపో తక్కెడ వారానికొకసారి ఊగితే గొప్ప. లింగయ్య అడవి శాఖలో దినకూలీ వాచరుగా చేరాడు. పులి అడుగులు చూసి చెప్పడం వాడికి కొత్త విద్య కాదు, కొత్తగా వచ్చింది ఖాకీ చొక్కా, ఒక చేతి గడియారం. చేరిన నెలలోనే, తేనెకు బయలుదేరిన బావను పెద్దచరియ కింద ఆపి వెనక్కి పంపాడు. ఆ రోజు నుంచి గురవయ్య బావమరిదితో మాట్లాడలేదు. రెండేళ్ళు. ఇద్దరూ ఎదురుపడితే, "మీ తమ్మునికి చెప్పు, జర జరుగుమని" అని పెళ్ళాంతో చెప్పించేవాడు.

అలాంటప్పుడు సినిమా కంపెనీ మేనేజరు మన్ననూరు వచ్చాడు. కొండ మీద తేనె దించే సన్నివేశం ఉందట, అసలైన అడవివాళ్ళు కావాలట. షూటింగు మన అడవిలో కాదు, హైదరాబాదులో. అక్కడి బండలకు కూడా పట్లు పడతాయని చెప్పాడు. ఈదమ్మ వెంటనే ఒప్పుకుంది. నేను ఆశ్చర్యపోతే డిపో వెనక్కి పిలిచి చెప్పింది.

"అమ్మా, ఈడ చరియలు బందయినయి. తాడు లేకుంటే ఈళ్ళిద్దరు ఒక్కకాడికి రారు. ఒక్క పట్టుకన్న దిగితే మాటలు కలుస్తయి. నువ్వు గిట్ట తోడొస్తే మావోడు వ్యానెక్కుతడు."

మల్లన్న మీద భారం వేసి సరేనన్నాను. మా వారు కూడా వెళ్ళి రమ్మన్నారు. వ్యాను అడవి గేటు దగ్గరికి వచ్చిన రోజు గురవయ్య ముందు సీటులో, లింగయ్య వెనక సీటులో, మధ్యలో నేను, ఈదమ్మ, చుట్టగా చుట్టిన తాడు. డిండి దాటకముందే గురవయ్యకు వాంతులు. "మీ తమ్ముని సీసల నీళ్ళున్నయేమో అడుగు" అన్నాడు. లింగయ్య సీసా ఈదమ్మకిచ్చాడు, ఈదమ్మ నాకిచ్చింది, నేను గురవయ్యకిచ్చాను. మూరెడు దూరం నీళ్ళు మూడు చేతులు మారాయి.

మోతీనగర్, అక్క ఇల్లు

బస మోతీనగర్‌లో మా అక్క ఇంట్లో. రెండు గదులు, పైన డాబా. నలుగురం దిగేసరికి అక్క ముఖం ముడుచుకుంది. "చెంచోళ్ళని చెప్పలేదేమే?" అని వంటింట్లో గొణిగింది. "చెబితే వద్దంటావని చెప్పలేదు" అన్నాను. అబద్ధమాడే అలవాటు లేదు నాకు. అయినా జొన్నరొట్టెలు చేసింది, గోంగూర నూరబోయింది. ఈదమ్మ రోలు ముందు కూర్చుని పచ్చడి తానే నూరుతానని పొత్రం లాక్కునేసరికి అక్క మెత్తబడింది. సాయంత్రానికి అక్కకు నడుము నొప్పి అని తెలిసి, ఏ ఆకు ఎలా కట్టాలో ఈదమ్మ చెబుతుంటే అక్క పాత క్యాలెండరు వెనక రాసుకుంటోంది. అక్క పెట్టిన అన్నానికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటున్నాను.

ఇక్కడే నేనొక పొరపాటు చేశాను. పట్నంలో పెద్దవాళ్ళ ముందుకు వెళ్తున్నాం, మన పిల్లవాడు శుభ్రంగా కనబడాలి అనుకున్నాను. వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉంటే లింగయ్య ఖాకీ చొక్కా ఇచ్చి కత్తిలాగ మడతలు పెట్టించాను. మన్ననూరులో అర్ధరూపాయికి చొక్కా, లుంగీ రెండూ చేస్తారు. ఇక్కడ ఒక్క చొక్కాకే రూపాయి. ఇచ్చేశాను. లింగయ్య అద్దంలో చూసుకుని, "ఆఫీసరు లెక్క ఉన్న కదమ్మా" అన్నాడు. గురవయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

జూబ్లీ హిల్స్‌లో కాఫీ

మర్నాడు పొద్దున వ్యాను నేరుగా షూటింగుకు పోలేదు. నిర్మాత గారింట్లో ఏవో పెట్టెలు ఎక్కించాలని జూబ్లీ హిల్స్ కొండెక్కింది. అక్కడి ఇళ్ళను మన ఊరి ఇళ్ళతో పోల్చలేను, మన బడిని, పోస్టాఫీసును, డిపోను ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇల్లు. వీధిలో నడిచేవాళ్ళు లేరు. కార్లు పోతాయి, కార్ల పక్కన డ్రైవర్లు నిలబడి మాట్లాడుకుంటారు. బండలు మాత్రం ప్రతి ఇంటి పక్కనా ఉన్నాయి, ఏనుగులు పడుకున్నట్టు. గురవయ్య ఇళ్ళ వైపు చూడలేదు. బండల పైభాగాలే చూస్తూ, "ఈడ ఉంటది, ఈడ ఉండది" అని వేలితో గాలిలో గీస్తున్నాడు.

నిర్మాత గారి భార్య గుమ్మంలోకి వచ్చారు. గుంటూరు వైపు మాట. "అయ్యో, మీరు లోపలికి రండి, కాఫీ తాగుదురు గానీ" అన్నారు నాతో. మిగతా ముగ్గురికి వాచ్‌మన్ గది దగ్గర స్టీలు గ్లాసుల్లో ఇస్తారట. ఆమె మనసు మంచిదే, ఆ ఇంటి అలవాటు అది. మన ఇళ్ళల్లో మనం చేసేది ఇంతకంటే ఘనమా? నేనూ పదేళ్ళు ఈదమ్మకు అరుగు కిందే మజ్జిగ పోశాను. ఆ రోజు ఎందుకో కాలు లోపలికి కదల్లేదు. "నేనూ ఇక్కడే తాగుతానండీ, గాలి బాగుంది" అన్నాను. వాచ్‌మన్ గది మెట్టు మీద నలుగురం కూర్చుని తాగాం.

తెరిచిన తలుపులోంచి హాలు కనబడుతోంది. గోడ మీద అలంకారానికి విల్లంబులు. గురవయ్య చాలాసేపు చూసి, "నారి తలకిందులు కట్టిండ్రు" అన్నాడు. లింగయ్యకు నవ్వొచ్చింది. గురవయ్యకూ వచ్చింది గానీ కాఫీ గ్లాసులో దాచుకున్నాడు. ఈదమ్మ నా మోకాలు నొక్కింది. చూశావా, కలుస్తున్నారు అన్నట్టు.

అట్టల అడవి

ఫిల్మ్ నగర్ దారి పొడవునా కంపెనీల బోర్డులు, ఆటోలు, సామాన్ల వ్యాన్లు. టీ బండి దగ్గర నలుగురు నిలబడి ఒకే వేషం గురించి కొట్లాడుకుంటున్నారు. అక్కడ టీ రూపాయిన్నర, మన దగ్గర ముప్పావలా. పంచదార మాత్రం మనవాళ్ళే ఎక్కువ వేస్తారు.

స్టూడియో దాటాక బండల మధ్య ఒక అడవి కట్టి ఉంది. నిజంగానే కట్టారు. అట్టల మీద సిమెంటు పూసిన మానులు, మేకులతో కొట్టిన ఆకులు. ఈదమ్మ ఒక చెట్టును చేత్తో తట్టి చూసి, "లోపల ఏం లేదే" అంది. ఒక పక్క ఇరవైమంది ఒంటికి నల్లరంగు పూసుకుని, తలలకు కోడి ఈకలు చుట్టుకుని కూర్చున్నారు. వాళ్ళే అడవివాళ్ళు. అందులో ఒకాయన ఇడ్లీ తింటూ గురవయ్యను చూసి, "మీరు ఏ ఊరండీ? ఇదే మొదటి పిక్చరా?" అని అడిగాడు. పాపం, తెనాలి దగ్గర నుంచి వచ్చి ఆరేళ్ళుగా వేషాల కోసం తిరుగుతున్నాడట. తన ప్లేటులోని రెండో ఇడ్లీ గురవయ్యకు పెట్టాడు. అలాంటి చేతులకు ఈశ్వరుడు ఎప్పుడూ అన్నం చూపించాలి.

అసలు బండ ఆ అట్టల అడవి వెనక ఉంది. మూడు తాటిచెట్ల ఎత్తు. నడుమ చూరు కింద పట్టు, పెద్ద తేనెటీగలది, చేట అంత. గురవయ్య ముఖం అప్పుడు చూడాలి మీరు. రెండేళ్ళుగా మూసిన ఇంటి తలుపు తీసినట్టు.

బండ మీద

డైరెక్టరు గారు వచ్చి మనుషులను చూశారు. గురవయ్యను చూసి తలాడించారు. లింగయ్య దగ్గర ఆగిపోయారు.

"ఏంటయ్యా ఇది? పోలీసువాణ్ణి తీసుకొచ్చావ్?"

మేనేజరు, "తాడు పట్టేది ఇతనేనండీ" అన్నాడు.

"ఈ క్రాఫు, ఈ ఇస్త్రీ, ఈ వాచీ! అడవివాడంటే జనం నమ్మొద్దూ? తీసెయ్. ఈకలవాళ్ళలో బలంగా ఉన్నవాణ్ణి పెట్టు."

నా చెవులు వేడెక్కాయి. ఆ ఇస్త్రీ నాదే కదా.

గురవయ్య నడుముకు చుట్టుకుంటున్న తాడు విప్పేశాడు. చుట్ట చుట్టి, దాని మీద కూర్చున్నాడు. "దిగ" అని మొండికేశాడు.

అంతే. ఎండ ఎక్కుతోంది. యాభై అరవైమంది పని ఆపి నిలబడ్డారు. మేనేజరు నా దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మగారూ, మీరు చెబితే వింటారండీ. పైనుంచి ఇనుప తీగ కూడా కడతాం. ఫైటు మాస్టరు మనుషులుంటారు, దెబ్బ తగలదు."

వాళ్ళు మర్యాదగా చూశారు, పొద్దున టిఫిను పెట్టారు. తిన్నందుకైనా మాట సాయం చెయ్యాలనిపించి ఈదమ్మ దగ్గరికి వెళ్ళాను. "పహిల్వాను లాగ ఉన్నాడు కదా ఆ పిల్లవాడు, ఒక్కసారికి పట్టనివ్వరాదా?" అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఈదమ్మ నన్ను కోప్పడలేదు. "బలం సంగతి కాదమ్మా. నేను ముండమోస్తే ఆ పహిల్వానుకు ఏం పోతది? ఇంటికి పోయి బువ్వ తింటడు. మా తమ్మునికైతే అక్క పోయినట్టే."

నేను పోయి ఆమె పక్కన బండ మీద కూర్చున్నాను. మేనేజరు పిలిచినా లేవలేదు.

డైరెక్టరు గారే దిగివచ్చారు. చెడ్డమనిషి కాదు, తొందరలో ఉన్న మనిషి. "ఇనుప తీగ కడతామంటే భయమెందుకయ్యా?"

"ఇనుప తీగకు అక్క ఉందా సార్?" అన్నాడు గురవయ్య.

ఈకలవాళ్ళు గొల్లుమన్నారు. డైరెక్టరు గారి ముఖం ఎర్రబడింది. "పొద్దుటి నుంచి చూస్తున్నా, మీ ఇద్దరికీ మాటల్లేవు. మాట్లాడనివాణ్ణి ప్రాణానికి ఎలా నమ్ముతావ్?"

"మాట వేరే, తాడు వేరే."

అప్పుడు లింగయ్య కదిలాడు. తన వల్ల అక్క పరువు, బావ పని చెడుతున్నాయని అనుకున్నాడు కాబోలు. "అక్కా, నేను అంగీ ఇడుస్త. ఈకలు పెట్టుకుంట. ఏమైతది?" అని పై గుండీ విప్పాడు. మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది. రంగు డబ్బా తెమ్మని కేక వేశాడు.

గురవయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం ఈదమ్మ వైపే. "మీ తమ్మునికి చెప్పు, గుండీ పెట్టుకొమ్మని."

రంగు డబ్బా తెచ్చినవాణ్ణి చేత్తో ఆపాడు.

"ఆ అంగీ మీద నేను ఉమ్మితే ఉమ్ముత. అది మా ఇంటి కొట్లాట. వీళ్ళకేంది? చరియలు బంద్ చేస్తిరి, ఆడు నౌకరీ చేసుకున్నడు. పిల్లలకు బువ్వ పెడుతున్నడు. దాన్ని విప్పి రంగు పూసుకుంటేనే చెంచోడంటరా? అయితే నేను కూడ చెంచోన్ని కాదు. రాసుకోండ్రి."

ఈదమ్మ అందుకుంది. "ఆడు నాతోని ఒక్క కడుపుల పుట్టిండు సారూ, ఈకలతోని పుట్టలే. ఖాకీ అంగీతోనే తాడు పడతడు. లేకుంటే ఆ తేనె జోలికి రాము."

లింగయ్య చొక్కా సర్దుకున్నాడు. గుండీ కన్నంలో దూరడానికి చాలాసేపు పట్టింది.

డైరెక్టరు గారు టోపీ తీసి తొడకేసి కొట్టుకున్నారు. "ప్యాకప్! వీళ్ళను పంపించేయండి. రేపు ఫైటర్లతో కాగడా పెట్టించి కాల్చి తీద్దాం. పట్టు కాలితే కాలింది."

పొగ

ఆ చివరి మాట అనకుండా ఉంటే మేం మూట కట్టుకుని వచ్చేసేవాళ్ళం. కాగడా మాట వినగానే గురవయ్య ఆగాడు. నిండు పట్టును పిల్ల ఈగలతో సహా కాల్చడం వాళ్ళలో మహాపాపం. పట్టులో పిల్లలున్న భాగాన్ని ముట్టకుండా తేనె తలను మాత్రమే కోస్తారు. ఈగలు మళ్ళీ కట్టుకుంటాయి.

తేనె తల తీసేస్తే కాగడాకు పని ఉండదనుకున్నాడేమో, గురవయ్య వెనక్కి తిరిగాడు. తాడు భుజాన వేసుకుని బండ ఎక్కాడు. వెనకే లింగయ్య. ఈదమ్మ ఎండుకట్టెల మీద పచ్చాకు వేసి పొగ రాజేసింది. సామాన్లు సర్దుతున్న లైట్లవాళ్ళు, వడ్రంగులు, డ్రైవర్లు ఎక్కడివాళ్ళక్కడ ఆగి తలెత్తారు. నేను కళ్ళు మూసుకుని మల్లన్నను తలచుకున్నాను. మళ్ళీ తెరిచాను, చూడాలి కదా.

గురవయ్య అంచు దాటి కిందికి జారాడు. పైన ఆకాశం మీద ఖాకీ చొక్కా, వెనక్కి వాలి, కాళ్ళు బండకు తన్ని పట్టి. మడతలన్నీ నలిగిపోయాయి. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

డైరెక్టరు గారికి మతి పోయినట్టుంది. "కెమెరా! కెమెరా తీయండ్రా, రోల్ చెయ్యి!" అని పరిగెత్తారు. మూతలు విప్పి కెమెరా నిలబెట్టారు. ఈదమ్మ అది చూసింది. చేతిలోని పొగకట్ట ఒకసారి ఎత్తి గాలి ఎటుందో చూసుకుంది. నాలుగడుగులు పక్కకు జరిగింది, కొంగుతో విసిరింది. పొగ పట్టుకూ తగులుతోంది, వంగి కెమెరా ముందుకూ పోతోంది.

"ఏయ్ అమ్మా, అటు జరుగు!" అని దగ్గుతూ అరిచారు.

"పొగ ఎటు పోవాల్నో నాకు తెల్వదా సారూ? ఇరవై ఏండ్ల సంది పెడుతున్న" అంది ఈదమ్మ.

పైన పట్టు దగ్గరికి ఇంకా బారెడు దూరం ఉంది. ఈదమ్మ కింద ఉంది, మాట మోసేవాళ్ళు మధ్యలో ఎవరూ లేరు. గురవయ్య తాడు మీద ఒక క్షణం ఊగాడు. తర్వాత గొంతెత్తాడు.

"బామ్మర్దీ! జర ఇడువు!"

"ఇడుస్తున్న బావా!"

"ఆగాగు! పట్టు!"

"పట్టిన!"

ఈదమ్మ పొగలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. పొగకేనని నాతో అంది.

బుట్ట దిగాక మొదటి ముక్క మైసమ్మ పేరు చెప్పి ఆకులో బండ కింద పెట్టారు. తర్వాత ఈదమ్మ అందరికీ పంచింది. ఇడ్లీ ఇచ్చిన తెనాలి ఆయనకు రెండు ముక్కలు, లైట్లవాళ్ళకు, డ్రైవర్లకు, చివరకు డైరెక్టరు గారికి కూడా. ఆయన చేతిలోంచి మోచేతి దాకా కారుతుంటే అలాగే నిలబడ్డారు. కాసేపటికి లింగయ్య దగ్గరికి వెళ్ళారు.

"తప్పు నాదే. ఈ ఖాకీతోనే పెడతా, పైనుంచి కింద దాకా ఒకే షాటు. పక్క బండకు ఇంకో పట్టుంది. రేపు పొద్దున ఏడింటికి?"

లింగయ్య చేతి గడియారం చూసుకున్నాడు. "రేపు నాకు డ్యూటీ ఉంది సార్."

ఆయన గురవయ్య వైపు తిరిగారు. గురవయ్య తాడు చుడుతూ, "ఆయన్ని అడగండ్రి" అన్నాడు.

కల్వకుర్తి బస్సు

వ్యాను ఇవ్వలేదు, మేమూ అడగలేదు. మోతీనగర్ దాకా నడిచి, అక్క కట్టిచ్చిన పులిహోర మూటతో శ్రీశైలం బస్సెక్కాం. ఈసారి ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. పట్నం పొలిమేర దాటగానే మొదలుపెట్టారు. పెద్దచరియ కింద ఎందుకు ఆపావని గురవయ్య. ఆపకుంటే నిన్ను జైల్లో వేసేవాళ్ళని లింగయ్య. వేస్తే వేయనీ, నువ్వెవడివని గురవయ్య. నా నౌకరీ పోతే నీ అక్క పిల్లలకు బియ్యం ఎవరు తెస్తరని లింగయ్య. అన్నావు, అనలేదు, చూశావు, చూడలేదు. రెండేళ్ళ కొట్లాట అంతా బస్సులో కుమ్మరించారు. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు, ఒక పసిబిడ్డ నిద్రలేచి ఏడ్చింది.

కల్వకుర్తి దగ్గర కండక్టరుకు ఓపిక పోయింది. "ఏందిరా లొల్లి? నోరు మూసుకోకుంటే ఈడ్నే దించుత!"

ఈదమ్మ లేచి, సీటు కమ్మీ పట్టుకుని, కండక్టరుకు అడ్డంగా నిలబడింది.

"కొట్లాడనియ్యి సారూ. నలుగురి టికెట్లు ఉన్నయి. మన్ననూరు దాకా కొట్లాడుకుంటరు."